గిట్టల బండ దగ్గర విరాటపర్వం

ఊరు చేరిన రోజు మా ఆవిడ కాళ్ళు కడుక్కోమని గంగాళం నిండా నీళ్ళు పెట్టింది. రెండు చెంబులు తీసుకుని, మిగతావి తొట్టిలో పొయ్యమన్నాను. "ఇంటి వెనకాలే కాలవ పారుతుంటే నీళ్ళ దగ్గర పిసినారితనం ఏమిటండీ?" అంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. కోపం తన మీద కాదని ఆమెకూ తెలుసు.

సాయంత్రానికి అరుగు నిండింది. "రాముడు నడిచిన నేల చూసొచ్చావుట, చెప్పవోయ్" అన్నారు. లేపాక్షి పక్షి గురించి చెప్పాను, సీతమ్మ పాదం గురించి చెప్పాను. మిగిలింది చెప్పబోయి, పొద్దుపోయిందని లేచి లోపలికి వెళ్ళాను. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఆ సీమ చూడాలని ఉంటే తప్పకుండా వెళ్ళండి. భారతం పుస్తకం మాత్రం చేత్తో పట్టుకుని వెళ్ళకండి.

నేను వడ్ల వ్యాపారిని, పండితుణ్ణి కాను. మా నాన్నగారు నేర్పిన రాగంలో సాయంత్రాలు నలుగురికీ రామాయణమూ భారతమూ చదివి అర్థం చెబుతుంటాను. ఇన్నేళ్ళు నోటితో తిరిగిన చోట్లు ఒకసారి కాళ్ళతో తిరగాలని బుద్ధి పుట్టింది. యుద్ధం రోజుల్లో యాత్రలేమిటని అందరూ వద్దన్నారు. వినుంటే బాగుండేది.

హిందూపురం

రైలు దిగగానే బెల్లం వాసన, చింతపండు వాసన ఎదురొచ్చాయి. హిందూపురంలో తెలుగులో మొదలైన బేరం కన్నడంలో ముగుస్తుంది. ఆ తెలుగూ ఆ కన్నడమూ రాని నాలాంటివాడు ముందు రెండు భాషల్లోనూ మోసపోయి, తరవాత నిదానంగా అర్థం చేసుకుంటాడు. హోటలాయన ఇడ్లీ పెట్టి, "దుడ్లు ముందే ఇచ్చెయ్ సామీ, సిల్లర దొరికేది కష్టమైపోయినాది" అన్నాడు. చక్కెర లేక కాఫీలో బెల్లం వేస్తున్నారు. మా వైపు అర్ధణాకి వచ్చే కాఫీ అక్కడ అణా. దానికి తోడు గ్లాసు కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా ఒక బాన్లో పట్టి ఉంచుతున్నారు. ఎందుకని అడిగితే, "ఆవుంది గదా సామీ" అన్నాడు.

బజారు దాటితే పశువుల సంత. మా వైపు కరువంటే పుట్టి పండాల్సిన చోట పందుము, అంటే సగమే, పండడం. అక్కడ కరువంటే ఏమిటో ఆ సంతలో చూశాను. ఎద్దులు నిలబడే ఉన్నాయి, కానీ వాటిని నిలబెట్టి ఉంచడానికి పక్కన మనుషులు భుజాలు ఆనించి ఉన్నారు. ఒళ్ళు పోయి కొమ్ములు మాత్రం మిగలడంతో కొమ్ములు పెద్దవిగా కనిపిస్తున్నాయి. కొనేవాళ్ళు పళ్ళు చూడ్డం లేదు, చర్మం పట్టి చూస్తున్నారు. నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను.

లేపాక్షి

లేపాక్షికి బండి కట్టించుకున్నాను. గుట్టల మధ్య బండి పోతుంటే, జటాయువు రావణుడితో పోరాడి రెక్క తెగి పడింది ఇక్కడేనని బండివాడు ఒక బండను చూపించాడు. రాముడు గెలిచిన చోట్లు చూడ్డానికి జనం సేతువు దాకా పోతారు. ఇది పక్షి ఓడిపోయిన చోటు. ఆ నేలకి ఆ కథ తగినట్టే ఉందనిపించింది. ఎటు చూసినా బండలే, ఎటు చూసినా ఎండే.

ఊరి మొదట్లో రాతి నంది ఉంది. అంత పెద్ద నందిని నేనెక్కడా చూడలేదు. మెడలో గంటల పట్టెడ, ఒంటి నిండా కండ. బండివాడు దాని చుట్టూ తిరిగి దణ్ణం పెట్టి, "మా సీమలో మేత ల్యాకుండా లావుగుండే ఎద్దు ఇదొకటే సామీ" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

గుళ్ళో సీతమ్మ పాదం ఉంది. బండ మీద పెద్ద పాదం గుర్తు, అందులో ఎప్పుడూ తడి ఉంటుందంటారు. నేను వెళ్ళిన రోజూ ఉంది. ఒక అవ్వ వంగి, ఆ తడిలో వేలు ముంచి, కళ్ళకద్దుకుని, మిగిలింది నాలిక మీద పెట్టుకుంది. "ఊర్లో బావులన్నీ ఎండిపాయ, అమ్మ పాదం ఒకటి ఎండల్యా" అంది నాతో. ఆ వేలి తడితో ఎవరి దాహం తీరుతుందని నాకు నోటిదాకా వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బండివాడే చెప్పాడు, సోమందేపల్లి అవతల ఒక ఊరి పక్కన గిట్టల బండ ఉందని. కౌరవులు తోలుకుపోయిన విరాటరాజు ఆవుల్ని అర్జునుడు మళ్ళించి తెచ్చింది ఆ దోవలోనేనట. బండ మీద గిట్టల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయట. విరాటుని కొలువు ఎక్కడ, సోమందేపల్లి ఎక్కడ అని నవ్వుకున్నాను. అయినా చూడకుండా పోబుద్ధి కాలేదు.

గిట్టల బండ

హిందూపురం తిరిగొచ్చి సోమందేపల్లి మీదుగా పోయే బొగ్గు బస్సెక్కాను. పెట్రోలు లేక ఆ రోజుల్లో బస్సులన్నీ బొగ్గు పొగతోనే నడుస్తున్నాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా మేం దిగి తొయ్యాలి. సోమందేపల్లిలో దిగేసరికి నా పంచె వంటింటి మసిగుడ్డ అయింది. అక్కణ్ణించి నడక. ఊరి పేరు రాయను. రాస్తే మీలో ఒకరిద్దరు వెళతారు.

ఊరి బయట బండ దగ్గర ఒక ముసలి రైతు మంట వేసి నాగజెముడు మట్టలు కాలుస్తున్నాడు. ముళ్ళు కాలిపోయాక కత్తితో ముక్కలు కోసి రెండు ఎద్దులకు పెడుతున్నాడు. అవి నాలిక కాల్చుకుంటూ తింటున్నాయి. అతని పేరు నాగప్ప. పిల్లలు లేరు. ఆ జతను పాలు మరవని దూడలప్పుడు కొని పెంచుకున్నాడట. కుడివైపు కట్టేదాన్ని వలపటిదనీ, ఎడమవైపుదాన్ని దాపటిదనీ అనేవాడు. వేరే పేర్లు పెట్టలేదు.

"యాడనుంచి వస్తాండావు సామీ?"

చెప్పాను. కృష్ణా కాలవలంటే ఏమిటో అతనికి అర్థమయ్యేలా చెప్పడం కష్టమైంది.

"ఆ చేతిలోది ఏమి?"

"భారతం."

నాగప్ప కత్తి కింద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని, పుస్తకం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "రాగం తీసి చదువుతావా?" అన్నాడు.

చదువుతానన్నాను. ఆ ఒక్క మాటతో నా ప్రయాణం ఆగిపోయింది. మర్నాడు పొద్దున అంబలి తాగే వేళకల్లా ఊరంతా బండ దగ్గరికి వచ్చింది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మా వైపూ ఉంది. మాకది ఒక ముచ్చట. ఒకరు చదువుతారు, పదిమంది వింటారు, వడపప్పు పంచుతారు, కాలవకి నీళ్ళు ఎలాగూ వస్తాయి. వాళ్ళకి అది ఆఖరి పని. ఆ ఊళ్ళో చదివే ముసలాయన పోయినేడు చదువు మధ్యలోనే చనిపోయాడట. చదువు సగంలో ఆగింది గనకే చినుకు పడలేదని అందరి నమ్మకం. పుస్తకం చదవగలిగినవాడు చుట్టుపక్కల లేడు. నేను రావడం దేవుడి పనే అన్నారు. కాదని చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది.

చదువు, మేత, బేరం

కిరసనాయిలు దొరకదు గనక చదువు పగలే సాగింది. పొద్దు వాలేముందు మొదలుపెట్టి వెలుగు పోయేదాకా చదివేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు అర్థం అడిగేవాళ్ళు కారు, కథ వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు గురించి చదివితే, ఆ చెట్టు ఏ గుట్ట పక్కన ఉండేదో పిల్లల దగ్గర్నించి చెప్పేవాళ్ళు.

నన్ను నాగప్ప ఇంట్లోనే ఉంచారు. అతని భార్య గంగక్క రాగి సంగటి, ఊరిబిండి పెట్టేది. వేరుశనగలు నూరి చేసే ఆ పచ్చడి నాకు మొదట్లో గొంతు దిగలేదు, తరవాత అదే కావాలనిపించింది. నేను తిన్నాక వాళ్ళు ఏం తింటున్నారో మాత్రం నాకు కనబడనిచ్చేది కాదు. ఒకనాడు తొంగి చూస్తే ఇద్దరూ సంగటి గిన్నె కడిగిన నీళ్ళు తాగుతున్నారు. సంగటి ముద్దలో సగం ఎద్దులకి పోయింది.

ఆ మధ్యలో గౌరిబిదనూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అతను దళారీ కాదు, కసాయీ కాదు. సొంత చేలో కట్టుకోవడానికి జత కోసం వెతుక్కుంటున్నాడు. వాళ్ళ చెరువులో ఇంకా నీళ్ళున్నాయట. నాగప్ప ఎద్దుల వీపులు నిమిరి, మేత పడితే నెలకు లేస్తాయన్నాడు. ధర కూడా సంత ధర కంటే నయంగా చెప్పాడు.

గంగక్క మొహం వెలగడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇచ్చేద్దాము. ఆడ కసువుండాది, నీళ్ళుండాయి. యాడున్నా బతికుంటే చాలు" అంది.

ఊరి పెద్ద తిమ్మారెడ్డి అక్కడే ఉన్నాడు. "చదువు ముగిసేదాంక గొడ్డు పొలిమేర దాటకూడదు గదమ్మా. ఆడ అర్జునుడు ఆవుల్ని మళ్ళిస్తాంటే ఈడ మనం అమ్మి తోలేస్తే వాన ఎట్ల వస్తాది?" అన్నాడు.

గంగక్క నా వైపు తిరిగింది. "సామీ, చదివినోడివి నువ్వు చెప్పు. ఎద్దుల్ని అమ్మకూడదని ఆ పుస్తకంలో ఉండాదా?"

"లేదమ్మా" అన్నాను. అందరికీ వినపడేట్టు గట్టిగానే అన్నాను.

తిమ్మారెడ్డికి కోపం రాలేదు. "పుస్తకంలో ల్యాకపోతే ఏమి సామీ, మా ఊర్లో ఉండాది" అన్నాడు.

చాలాసేపు వాదించాను. ఆవుల మందకీ అమ్ముకునే జతకీ సంబంధం లేదన్నాను. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. చివరికి మాట్లాడింది నాగప్ప. "మన జత కోసరం ఊరందరి వాన పోగొట్టమంటావా?" అన్నాడు భార్యతో. ఆమె లేచి ఎద్దుల దగ్గరికి వెళ్ళింది. చదువు ముగిశాక రమ్మని నాగప్ప ఆ రైతును బతిమాలాడు. అతనికి దుక్కి వేళ మించిపోతోంది. పక్క ఊళ్ళో ఇంకో జత దొరికితే తోలుకుని వెళ్ళిపోయాడు.

గొడ్లు మళ్ళిన రోజు

ముగింపు రోజున ఊళ్ళో ఉన్న ప్రతి గొడ్డునూ పొలిమేర బయట గిట్టల బండ దగ్గరికి తోలుకుపోతారు. అర్జునుడు మందను మళ్ళించే పద్యాలు చదువుతుండగా డప్పులు కొట్టుకుంటూ వాటిని ఊళ్ళోకి తోలుకొస్తారు. పొలిమేర రాయి దగ్గర ఆడవాళ్ళు హారతి ఇస్తారు. పోయినవన్నీ రావాలి, ఒక్క లేగ కూడా వెనకపడకూడదు. కథలో ఒక్కటీ పోలేదు గదా.

బండ మీద నిలబడి చదువుతున్నాను. డప్పులు మోగాయి, మంద కదిలింది. నాగప్ప వలపటిది బండ దిగుతూ ముందుకాళ్ళు మడిచి కూలబడింది. తోక మెలిపెట్టారు. పొట్ట కింద వెదురు బొంగులు పెట్టి ఎత్తారు. లేవలేదు. మంద అప్పటికే పొలిమేర దగ్గర ఆగి ఉంది. చదువు ఆపబోయాను.

"గొంతు ఆపొద్దు సామీ" అన్నాడు తిమ్మారెడ్డి. అతని మొహంలో భయం చూశాను. అంత పెద్ద మనిషి మొహంలో అంత భయం నేను మళ్ళీ చూడకూడదు.

మగవాళ్ళు పరుగెత్తి ఒక బండి తెచ్చారు. ఎద్దును దాని మీదికి చేర్చారు. లాగడానికి ఎద్దుల్ని కట్టలేదు. మనుషులే కాడి కింద మెడలు పెట్టారు. కాడి కుడివైపున నాగప్ప మెడ పెట్టాడు. అది వలపటిది రోజూ నిలబడే చోటు. గంగక్క వెనక నడుస్తూ ఎద్దు తల రెండు చేతులతో పట్టుకుంది. దాపటిది ఎవరూ తోలకుండానే బండి వెంట నడిచింది. నేను అర్జునుడి రథం గురించి చదువుతున్నాను. చదువుతూ ఏడ్చాను. పద్యం ఆపకుండా ఏడవడం కూడా వస్తుందని ఆ రోజు తెలిసింది.

పొలిమేర దాటారు. "అన్నీ వచ్చినాయి, అన్నీ వచ్చినాయి" అని అరిచారు. ఆడవాళ్ళు బండి మీది ఎద్దుకి హారతిచ్చి, బొట్టు పెట్టారు. పొద్దు గుంకేలోగా అది చచ్చిపోయింది. ఊరి లోపలే చచ్చింది గనక చదువుకి లోపం లేదని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

వాన పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. నేను కదలకుండా ఇంకా ఉండిపోయాను, కదిలితే పారిపోయినట్టుంటుందని. నన్నెవరూ ఏమీ అనలేదు. తాంబూలం పెట్టి దణ్ణాలు పెట్టారు. ఒక్కరు తిట్టి ఉంటే నాకు కొంత బరువు తగ్గేది. నాగప్ప ఒంటి ఎద్దును ఎవరూ కొనలేదు. జత చెడినదాన్ని చర్మానికైతే అడుగుతారు, కాడికి అడగరు.

పెనుకొండ

పెనుకొండలో కోట వాకిట పెద్ద ఆంజనేయస్వామి ఉన్నాడు. సంజీవి కొండనే మోసుకొచ్చినవాడికి ఒక మబ్బు మోసుకురావడం ఎంత పనని అడిగాను. అలా అడిగినందుకు భయం కూడా వెయ్యలేదు. ఆ వారంలో నాలో ఏదో ఎండిపోయింది.

రాజులు వేసవి గడిపిన కోట అన్నారు. గోడలున్నాయి, కోనేళ్ళున్నాయి, కోనేళ్ళలో మేకలు తిరుగుతున్నాయి. కొండెక్కితే దక్షిణాన ఆ ఊరి గుట్టలు కనిపిస్తాయన్నారు గనక ఎక్కాను. గొడుగు కింద మర్చిపోయి ఎక్కడం నా తెలివి. పైన కూర్చున్నాక ఒక మబ్బు వచ్చింది. నల్లటిదే, బరువైనదే. సరిగ్గా ఆ గుట్టల మీదికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అది అక్కడ ఆగలేదు. నా నెత్తి మీదుగా ఉత్తరానికి వెళ్ళిపోయింది. ఒంటరిగా ఉన్నాను గనక గట్టిగా తిట్టాను.

ధర్మవరం

మా ఆవిడకి ధర్మవరం పట్టుచీర తెస్తానని మాటిచ్చాను. నేతగాళ్ళ వీధిలో సగం మగ్గాలు నిలిచిపోయి ఉన్నాయి. యుద్ధం వచ్చాక పట్టునూలు రావడం తగ్గిపోయిందట. ఒక నేతాయన వీధి పొడుగునా పడుగు సాచి పోగులు సరిచేస్తున్నాడు. ఎన్నో నెలలకు దొరికిన పట్టు అది. పెళ్ళి చీరకి. ముట్టుకోవద్దని ముందే చెప్పాడు.

మేం మాట్లాడుతుండగా మబ్బు కమ్మింది. తలెత్తి చూసేలోగా వాన. మామూలు వాన కాదు, మురుగుకాలవలు పొంగే వాన. నేతాయన, అతని భార్య, కోడలు, వీధిలో వాళ్ళంతా పడుగు చుట్టడానికి పరుగులు తీశారు. నేనూ ఒక కొస పట్టాను. చుట్టేసరికి సగం తడిసి రంగు కారింది. అతను అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎదురింటి ముసలామె మాత్రం చేతులు జోడించి, "యాడో పుణ్యాత్ములు విరాటపర్వం చదివించినట్టుండారు" అంది.

నేను చీర కొనలేదు. ఆ తడితోనే స్టేషనుకి నడిచాను.

గుంతకల్లు బండి కోసం కూర్చుంటే పెనుకొండ వైపు నుంచి అక్కడిదాకానే వచ్చే ఇంకో బండి వచ్చింది. దిగినవాళ్ళలో నాగప్ప, గంగక్క ఉన్నారు. నెత్తిన మూట. బళ్ళారి వైపు పత్తి చేలల్లో కూలికి పోతున్నారట. ఒంటి ఎద్దుతో ఇంట్లో ఏం చెయ్యాలి?

"మీ ఊళ్ళో పడిందా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

గంగక్క మూట దించి చూపించింది. దాని మీద ఎర్రటి దుమ్ము పొరగా ఉంది. విదిలిస్తే రేగింది.

నాగప్ప రేకుల కప్పు అంచు దాకా వెళ్ళి చెయ్యి చాచాడు. కాసేపటికి వానలోకి దిగి నిలబడ్డాడు. జనం చూస్తున్నారు. వెనక్కి తిరిగి నాతో మామూలు గొంతుతోనే, "ఇది మా వాన సామీ. చదివించింది మేము" అన్నాడు.

గంగక్క మూట విప్పి వలపటిదాని మువ్వల పట్టెడ తీసింది. వెళ్ళి దాన్ని వానలో పట్టుకుంది. దుమ్ము కారిపోయేదాకా అట్లాగే పట్టుకుని నిలబడింది. చుట్టూ వానకి సంతోషపడుతున్న మనుషులు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ తప్పేముంది?

నా బండి గంట కొట్టారు. నాగప్ప తడి చేత్తో నా సంచీ పట్టుకున్నాడు. "సామీ, పుస్తకం ఉండాదా?"

"ఉంది."

"ఇంకొక్క తూరి చదువు. మా దిక్కు తిరిగి చదువు. ఒక పద్యం చాలు."

"ఇంకా ఎందుకు నాగప్పా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు.

"దాపటిది ఇంకా బతికే ఉండాది సామీ. తిమ్మారెడ్డి ఇంటికాడ కట్టేసొచ్చినాము. తలా పిడికెడు వేస్తామన్నారు, వాన వచ్చేదాంక."

నా బండి వెళ్ళిపోయింది. నేను ప్లాటుఫారం మీద దక్షిణం వైపు తిరిగి కూర్చుని, పుస్తకం తెరిచి, అర్జునుడు ఆవుల్ని మళ్ళించిన చోటు నుంచి మొదలుపెట్టాను. వాన పడుతుంటే విరాటపర్వం చదివే పిచ్చివాణ్ణి చూడ్డానికి జనం మూగారు. రేకుల మీద చప్పుడికి నా గొంతు నాకే వినపడ్డం లేదు. వాళ్ళిద్దరూ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని వింటున్నారు. పద్యానికీ పద్యానికీ మధ్య తలెత్తి చూశాను. పెనుకొండ వైపు ఆకాశం తెల్లగా ఉంది. చదువు ముగిసేదాకా అట్లాగే ఉంది.